ఈ బిడ్డకూ అఖీఖా చేయండి

కడప జిల్లాలో ఒక చిన్న పట్టణం. మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో తొలి మనవడు పుట్టాడు. ఏడో రోజు అఖీఖా అనుకున్నారు. రెండు మేకలు బేరమాడి ఉంచారు. వంటమనిషికి బయానా ఇచ్చారు. బంధువులకు కబురు వెళ్లింది. తీరా ఆ రోజు పొద్దున్నే బిడ్డ తండ్రి అందరికీ ఫోన్లు చేసి, "బాలింతకు ఒంట్లో బాగా లేదు, అఖీఖా తర్వాత చూసుకుందాం" అని చెప్పాడు. బాలింతకు ఒంట్లో బాగానే ఉంది. బాగా లేనిది ఇంట్లోవాళ్ల మనసు. ఆసుపత్రిలో డాక్టరుగారు బిడ్డ కళ్లు, చెవులు, అరచేతి గీత చూసి "డౌన్ సిండ్రోమ్ లాగుంది, రక్తపరీక్ష చేయించండి" అన్నారు. వరండాలో, నిలబడి, నలుగురు వింటుండగా అన్నారు. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు.

ఏడో రోజు గడిచింది. పద్నాలుగో రోజూ గడిచింది. ఇరవై ఒకటో రోజు ఫజర్ నమాజు ముగించుకున్న దాదీ, జానిమాజ్ మడిచిపెట్టి కొడుకును పిలిచింది. "ఏమిరా, వానికి పేరన్నా పెడతారా, లేదా? వాడు మాత్రం అల్లా ఇచ్చినోడు కాదా?" అని అడిగింది. కొడుకు దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నమే మేకలను జిబహ్ చేశారు. బిడ్డ తల గొరిగించారు. పేరు పెట్టారు. సందులో ఇంటింటికీ మాంసం పంచారు. చూడవచ్చిన ఆడవాళ్లందరికీ దాదీయే బిడ్డను ఎత్తి చూపించింది. ఆ ఇంటి సంగతి మళ్లీ చెప్పుకుందాం.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డకు కావలసిన మొదటి సహాయం మందు కాదు, డాక్టరూ కాదు. ఈ బిడ్డ మా బిడ్డే అని ఇంటివాళ్లు నలుగురిలో ఒప్పుకోవడం. అది జరిగిన ఇంట్లో మిగిలిన పనులన్నీ వేళకు మొదలవుతాయి. అది జరగని ఇంట్లో బిడ్డ లోపలి గదిలో పెరుగుతాడు. పరీక్షలు వాయిదా పడతాయి, వ్యాయామాలు వాయిదా పడతాయి. ఈ పిల్లల విషయంలో వాయిదా ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు.

ఏమిటిది?

మన శరీరంలోని ప్రతి కణంలోనూ సాధారణంగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు 21వ జతలో రెండుకు బదులు మూడు ఉంటాయి. ఆ ఒక్క అదనపు క్రోమోజోము వల్ల కండరాలు మెత్తగా, వదులుగా ఉంటాయి. ఎదుగుదల, మాట, నేర్చుకునే వేగం తగ్గుతాయి. ముఖంలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. లండన్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ లక్షణాలను వర్ణించారు కాబట్టి ఆయన పేరే నిలిచిపోయింది. కారణం క్రోమోజోము అని తెలియడానికి మరో 93 ఏళ్లు పట్టింది. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం దానిని వెల్లడించింది. ఒకప్పుడు వైద్య పుస్తకాల్లో 'మంగోలు పిల్లలు' అని రాసేవారు. ఒక జాతిని కించపరిచే ఆ మాటను ఎప్పుడో వదిలేశారు. మన ఊళ్లలో కొందరు పెద్ద డాక్టర్ల నోట ఇంకా వినిపిస్తుంటుంది.

దాదాపు ప్రతి 800 నుంచి 1,000 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. ఏ మతమైనా, ఏ దేశమైనా, బీదలైనా, ఉన్నవారైనా ఇందులో తేడా లేదు. ఇది అంటువ్యాధి కాదు, మందుతో పోయేదీ కాదు. 'తెలివి పెంచుతాం' అంటూ పొడులూ, ఇంజెక్షన్లూ అమ్మేవారి మాటలు నమ్మి అప్పులపాలు కావద్దు. ఆ అదనపు క్రోమోజోమును తీసివేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు.

నింద తల్లి మీదికేనా?

ఇలాంటి బిడ్డ పుట్టగానే ఇంట్లో మొదట జరిగేది విచారణ. "గ్రహణం రోజు బయట తిరిగావా?" "కత్తిపీట ముట్టుకున్నావా?" "మీ పుట్టింట్లో ఎవరైనా ఇలా ఉన్నారా?" ఈ ప్రశ్నలన్నీ బాలింతకే. కొన్ని ఇళ్లల్లో భర్తకు రెండో నికాహ్ మాట కూడా ఆ మంచం పక్కనే మొదలవుతుంది. పచ్చి బాలింత పక్కన కూర్చుని ఇటువంటి మాటలు మాట్లాడేవారు తాము ఎంత పాపం మూటగట్టుకుంటున్నారో ఆలోచించాలి.

గ్రహణం సంగతే తీసుకుందాం. దైవప్రవక్త (స) వారి చిన్నారి కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం మదీనాలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యునికి గ్రహణం పట్టిందని జనం అనుకోసాగారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆయన. అయినా ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుకోసమో, ఎవరి పుట్టుకకోసమో వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు తెలియజెప్పారు. సహీహ్ హదీసు గ్రంథాల్లో ఉన్న సంఘటన ఇది. పధ్నాలుగు వందల ఏళ్ల కిందట తీర్పు అయిపోయిన విషయం మీద మన ఇళ్లల్లో కోడళ్లను ఇంకా నిలదీస్తున్నాం!

మేనరికం సంగతి వేరు. దగ్గరి బంధువుల మధ్య వివాహాల వల్ల తలసీమియా వంటి కొన్ని జబ్బులు పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అది నిజం. ఆ విషయంలో మన సమాజం జాగ్రత్త పడవలసిందే. కానీ డౌన్ సిండ్రోమ్ సాధారణంగా మేనరికం వల్ల వచ్చేది కాదు. కణం విడిపోయేటప్పుడు జరిగే ఒక పొరపాటు. అది ఎవరి చేతిలోనూ లేదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్ల తల్లికి సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40 ఏళ్ల తల్లికి సుమారు 100 కాన్పుల్లో ఒకటి. అయితే ఈ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడుతున్నారు. ఎందుకంటే ఆ వయసులో కాన్పులే ఎక్కువ.

డాక్టరు రాసిచ్చే కార్యోటైపింగ్ రక్తపరీక్షను మాత్రం తప్పక చేయించండి. 'చూస్తేనే తెలుస్తోంది, పరీక్ష ఎందుకు' అనుకోవద్దు. వంద మందిలో ముగ్గురు, నలుగురు పిల్లల్లో అదనపు క్రోమోజోము మరొకదానికి అతుక్కుని ఉంటుంది. ఆ రకమైతే తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించాలి. తర్వాతి కాన్పుకు ఎంత అవకాశం ఉందో దానిని బట్టి చెబుతారు. మామూలు రకమైతే చిన్న వయసు తల్లికి మళ్లీ అలా జరిగే అవకాశం వందలో ఒకటి మాత్రమే. ఈ ఒక్క అంకె తెలియక రెండో బిడ్డను కనడానికే భయపడుతున్న దంపతులున్నారు.

ఇది అల్లాహ్ విధించిన శిక్షా అని అడిగేవారికి ఒక మాట. ఒకరి పాపభారం మరొకరు మోయరని దివ్యఖుర్‌ఆన్ పలుచోట్ల స్పష్టం చేసింది. తల్లిదండ్రుల తప్పుకు పసిబిడ్డ శిక్ష అనుభవిస్తోందని చెప్పేవారు ఆ సంగతి మరిచిపోతున్నారు.

ముందు గుండె చూడండి

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులకు మనవి.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. ఎక్కువగా గుండె గదుల మధ్య గోడలో రంధ్రం ఉంటుంది. బిడ్డ చూడటానికి బాగానే ఉండవచ్చు. డాక్టరు స్టెతస్కోపుతో విన్నప్పుడు చప్పుడు కూడా వినిపించకపోవచ్చు. అందుకే చప్పుడు ఉన్నా లేకపోయినా పుట్టిన మొదటి నెలలోనే ఎకో పరీక్ష చేయించాలని వైద్యులు చెబుతారు. అది నొప్పి లేని పరీక్ష. కడుపుతో ఉన్నప్పుడు చేసే స్కానింగ్ లాంటిదే.

తొందర ఎందుకంటే, పెద్ద రంధ్రం ఉన్నప్పుడు ఊపిరితిత్తుల వైపు రక్తం ఎక్కువ ఒత్తిడితో పోతుంది. కొంతకాలానికి అక్కడి సన్నని రక్తనాళాలు గట్టిపడిపోతాయి. ఈ పిల్లల్లో అది ఇతర పిల్లల కంటే త్వరగా జరుగుతుంది. గట్టిపడిన తర్వాత రంధ్రం మూసినా ప్రయోజనం ఉండదు, పైగా ప్రాణానికే ప్రమాదం. అందుకే గుండె గదుల నడుమ గోడ మొత్తం లోపించిన పిల్లలకు సాధారణంగా ఆరు నెలల లోపే ఆపరేషన్ చేస్తారు.

గుంటూరు వైపు ఒక కుటుంబాన్ని కలిశాను. పాప పెదవులు నీలంగా మారుతున్నాయని ఐదో ఏట పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. అంతకుముందు నాలుగేళ్లూ ఏం చేశారని అడిగితే తండ్రి తల వంచుకున్నాడు. రెండు దర్గాలు, ఒక నాటు వైద్యుడు, ఇంకెక్కడో తాయెత్తు. ఎకో పరీక్ష అన్న మాట వారికి ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ వయసు దాటిపోయిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆ తండ్రిది బుద్ధితక్కువ అనడానికి నాకు నోరు రాలేదు. సంచార వైద్యబృందం అయినా, అంగన్‌వాడీ అయినా, చుట్టుపక్కల చదువుకున్న మనలో ఎవరమైనా ఆ నాలుగేళ్లలో ఒక్కసారి చెప్పి ఉండవలసింది. దుఆ చేయండి, చేయించండి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను దించాడనీ, వైద్యం చేయించుకోవాలనీ తన అనుచరులకు చెప్పిన దైవప్రవక్త (స) వారి ఉమ్మత్ మనం. దుఆ పేరుతో ఎకో పరీక్షను మానుకోవడం ఆ బోధన కాదు.

ఖర్చుకు భయపడనక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు రెండూ ఉన్నాయి. ఆ కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, మాట, వినికిడి పరీక్షలు ఒకేచోట ఉండేలా ఏర్పాటు. గుండె ఆపరేషన్లకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడిగితే దారి చూపిస్తారు.

గుండె తర్వాత థైరాయిడ్. పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా పరీక్షించాలి. థైరాయిడ్ తక్కువైతే ఉన్న తెలివి కూడా మందగిస్తుంది. చవకైన చిన్న మాత్రతో సరిచేయవచ్చు. వినికిడి, కంటిచూపు మొదటి ఆరు నెలల్లోనే చూపించాలి. చెవిలో నీరు చేరి సరిగా వినపడని బిడ్డను 'మాట రాదు, మొద్దు' అనుకుని వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇల్లే బడి

మొదటి మూడేళ్లలో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. ఆ కాలంలో ప్రతిరోజూ కొద్దికొద్దిగా నేర్పించడమే వైద్యులు చెప్పే 'ఎర్లీ ఇంటర్వెన్షన్'. మాట పెద్దదే గాని పని ఇంటి పనే. వారానికొకసారి ఆసుపత్రిలో అరగంట చేయించే వ్యాయామం వల్ల పెద్ద మార్పు రాదు. అక్కడ చూసి నేర్చుకున్నదాన్ని ఇంట్లో స్నానం, పాలు, ఆట వేళల్లో రోజూ చేయడం వల్ల వస్తుంది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ పల్లెలు. పిల్లలను రోజూ కేంద్రానికి తీసుకురావడం తల్లులకు సాధ్యం కాలేదు. అందుకని 1969లో అక్కడివాళ్లు పద్ధతి మార్చారు. బిడ్డ కేంద్రానికి రావడం కాదు, టీచరే వారానికొకసారి బిడ్డ ఇంటికి వెళ్లడం. ఆ వారం నేర్పవలసిన ఒకటి రెండు చిన్న పనులు కాగితం మీద రాసిస్తారు. తల్లి రోజూ చేయించి గుర్తు పెడుతుంది. మళ్లీ వారం చూసి తర్వాతి పని ఇస్తారు. ఆ పద్ధతి అనేక దేశాలకు వెళ్లింది, మన దేశానికీ వచ్చింది. బస్సు ఖర్చులకూ, కూలి పోతుందనీ వెనకాడే మన కుటుంబాలకు ఇంతకన్నా తగిన పద్ధతి కనిపించదు. ఇంటికి వచ్చే టీచరు దొరకకపోయినా ఆ కాగితం పద్ధతిని ఎవరైనా పాటించవచ్చు.

కడప జిల్లా ఇంట్లో దాదీ చేసింది అదే. నెలకొకసారి తల్లీ, దాదీ బిడ్డతో జిల్లా ఆసుపత్రికి వెళ్లేవారు. ఫిజియోథెరపీ అమ్మాయి చూపించినదంతా దాదీ కళ్లతో పట్టుకునేది. తనకు రాయడం రాదు కాబట్టి కోడలితో పాత లెక్కల పుస్తకంలో రాయించేది.

మొదట పాలు. కండరాలు వదులు కాబట్టి ఈ పిల్లలు పాలు చీకడంలో అలసిపోతారు, తాగుతూ తాగుతూ నిద్రపోతారు. వాళ్లంతట వాళ్లు ఏడ్చి అడుగుతారని ఎదురుచూడకుండా రెండు మూడు గంటలకొకసారి లేపి పట్టాలి. తల్లి తన బొటనవేలు, చూపుడువేలితో బిడ్డ బుగ్గలను, మిగతా వేళ్లతో రొమ్మును ఆనించి పట్టుకుంటే దవడకు బలం దొరుకుతుంది. అప్పటికీ చాలకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. డబ్బాపాలకు తొందరపడవద్దు. నాలుక పెద్దదని కొందరు కంగారు పడతారు. నోరు చిన్నది, నాలుక వదులు, అంతే.

తర్వాత బోర్లా పడుకోబెట్టడం. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మనిషి పక్కనే ఉండి, రోజుకు చాలాసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు. తల్లి వెల్లకిలా పడుకుని బిడ్డను తన గుండెల మీద బోర్లా వేసుకున్నా సరే. తల్లి ముఖం చూడాలని బిడ్డ తల ఎత్తుతుంది, మెడ నిలుస్తుంది. ఈ పిల్లల తుంటి కీళ్లు వదులుగా ఉంటాయి కనుక కాళ్లు బార్లా చాపుకుని కప్పలా పడుకుంటారు. పడుకోబెట్టినప్పుడు తొడలకు అటూ ఇటూ చుట్టిన తువాళ్లు ఆనించి కాళ్లు దగ్గరగా ఉండేటట్లు చూడాలి. చంకనెత్తుకున్నప్పుడు కూడా రెండు కాళ్లూ ఎడంగా వేలాడకుండా ముందుకు పెట్టి ఎత్తుకోవాలి. చక్రాల వాకరు కొనిపెట్టకండి. అది నడక నేర్పదు, పడేస్తుంది. నూనె మర్దనా మంచిదే, కానీ మెడను లాగడం, విరవడం వద్దు. ఈ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల పట్టు తక్కువ.

ఇక్కడ రెండు మాటలు మన ఇళ్ల అలవాట్ల గురించి. ఏడాది నిండని ఏ బిడ్డకూ తేనె నాకించవద్దు. అందులో ఉండగల ఒక రకం క్రిముల వల్ల పసిపిల్లలకు ప్రాణాపాయం కలగవచ్చు. తహనీక్‌కు ఖర్జూరం ఉంది కదా! నమిలి మెత్తగా చేసి చిగురుకు పూస్తే చాలు. రెండోది సుర్మా. మార్కెట్లో అమ్మే సుర్మాలలో కొన్నింటిలో సీసం ఉన్నట్లు పరీక్షల్లో బయటపడింది. సీసం పసి మెదడుకు హాని చేస్తుంది. అసలే మెదడు మెల్లగా ఎదిగే బిడ్డ కళ్లకు దానిని పెట్టడం ఎందుకు?

ఎప్పుడు కూర్చుంటాడు, ఎప్పుడు నడుస్తాడు అన్నది ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. ఏడాదికి అటూ ఇటూగా కూర్చునేవారు ఎక్కువ. రెండేళ్ల ప్రాంతంలో నడుస్తారు, కొందరికి మూడేళ్లు దాటుతుంది. పక్కింటి బిడ్డతో పోల్చి ఏడవడం మాని, పోయిన నెలలో ఏం చేశాడు, ఈ నెలలో ఏం చేస్తున్నాడు అని చూడాలి. దాదీ లెక్కల పుస్తకం పనికొచ్చింది ఇందుకే.

మాట అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. ఈ పిల్లలు విన్నదానికన్నా చూసినదాన్ని బాగా పట్టుకుంటారు. చూసి అనుకరించడంలో గట్టివాళ్లు. కాబట్టి మాటతో పాటు చేతి సైగ కూడా నేర్పాలి. నీళ్లు, పాలు, ఇంకా కావాలి, చాలు అన్న నాలుగు సైగలతో మొదలుపెట్టవచ్చు. సైగలు నేర్పితే మాట రాదన్నది అపోహ. సైగ చేయగలిగిన బిడ్డకు విసుగు తగ్గుతుంది, మాట కూడా త్వరగా అందుతుంది. మన ఇళ్లల్లో తయారుగా ఉన్న సైగ ఒకటుంది: సలాం. చేయి నుదుటికి చేర్చడం ఏ బిడ్డయినా చూసి నేర్చుకుంటాడు. భోజనం ముందు బిస్మిల్లాహ్ కూడా అంతే. ప్రతిసారీ అదే సమయంలో, అదే మాట వినిపిస్తుంది కనుక త్వరగా ఎక్కుతుంది.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఈ రెండు భాషలతో బిడ్డ తికమకపడతాడనీ, ఒకటి మానేయమనీ కొందరు డాక్టర్లు సలహా ఇస్తుంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు రెండు భాషల మధ్య పెరిగినా అందువల్ల వారి మాటకు నష్టం లేదని పరిశోధనల్లో తేలింది. దాదీకి వచ్చిన భాషలో దాదీని మాట్లాడనివ్వండి. ఆమెను నోరు మూసుకోమనడమే నష్టం.

మసీదు గుమ్మం దగ్గర

మదీనాలో ఒక స్త్రీ ఉండేది. ఆమెకు బుద్ధి సరిగా ఉండేది కాదని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆమె ఒకనాడు దైవప్రవక్త (స) వారి దగ్గరికి వచ్చి, మీతో పని ఉంది అని అడిగింది. ఏ వీధికి రావాలో నువ్వే చెప్పు, అక్కడికి వచ్చి నీ పని చూస్తానని ఆయన అన్నారు. అన్నట్లే వెళ్లి, ఆమె చెప్పుకోవలసినది పూర్తయ్యేదాకా దారిలో నిలబడ్డారు. ఒక రాజ్యానికి అధిపతి, ఒక ఉమ్మత్‌కు నాయకుడు. బుద్ధిమాంద్యం ఉన్న ఒక మామూలు స్త్రీకి వీధిని ఎంచుకునే హక్కు ఇచ్చారు!

మన మసీదుల్లో ఏం జరుగుతోంది? జుమా రోజున ఇలాంటి బిడ్డను వెంట తెచ్చిన తండ్రిని "పిల్లవాడు అల్లరి చేస్తాడు, ఇంట్లో వదిలిరావచ్చు కదా భాయ్" అనే పెద్దలున్నారు. తండ్రి రెండు వారాలు చూసి తానూ రావడం మానేస్తాడు. నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కలతపడుతుందని ప్రార్థననే తగ్గించిన ప్రవక్త (స) సున్నత్ ఏమైంది? ఇమాములు ఒక్క ఖుత్బాలో ఈ మాట ఎత్తితే పది ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి. మక్తబ్‌లో కూడా ఈ పిల్లలను చివర కూర్చోబెట్టి వదిలేయకుండా ముందు వరుసలో, బొమ్మలతో, పెద్ద అక్షరాలతో నేర్పవచ్చు. అర్థం చేసుకునే శక్తిని బట్టే బాధ్యత ఉంటుందని ధర్మవేత్తలందరూ చెప్పేదే. వాడికి నమాజు ఫర్జ్ అవుతుందా లేదా అన్న బెంగ ఇప్పుడే వద్దు. పక్కన నిలబడి సజ్దా చేస్తే చేయనివ్వండి.

జకాత్ సంగతి కూడా ఆలోచించాలి. రమజానులో బట్టలకూ, బియ్యానికీ ఇచ్చినంత ఉదారంగా వైద్యానికి ఇవ్వడం లేదు. ప్రభుత్వ కేంద్రంలో వ్యాయామం ఉచితమే. కానీ జకాత్‌కు అర్హులైన బీద కుటుంబాలకు అక్కడికి వెళ్లే బస్సు ఛార్జీ, ఆ రోజు పోయే కూలి ఎవరిస్తారు? ఒక మొహల్లా కమిటీ ఒక్క బిడ్డకు ఏడాది ప్రయాణ ఖర్చు పెట్టుకున్నా అది చిన్న సాయం కాదు.

మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీకి, తర్వాత మామూలు బడికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. హైదరాబాదుకు రాగలిగినవారికి సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. పాతవారికి 'నిమ్' అంటే తెలుస్తుంది, ఇప్పటి పేరు నీపిడ్. పసిపిల్లల కోసం అక్కడ 2021లో ప్రత్యేక కేంద్రం ఏర్పాటైంది. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం, దానితో యూడీఐడీ కార్డు తీసుకోండి. చిన్న వయసులో ఇచ్చేది తాత్కాలికమే, తర్వాత మళ్లీ పరీక్షించి ఇస్తారు. కార్డు ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి. వ్యాయామాల ఖర్చు కూడా అందులో ఉంది. అర్హులైన దివ్యాంగులకు పింఛనును తెలంగాణ 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 రూపాయలకు పెంచాయి. కార్డు తీసుకుంటే 'ముద్ర పడుతుంది' అని వెనకాడే తల్లిదండ్రులున్నారు. ముద్ర వేసేది కార్డు కాదు, వీధిలో వినిపించే 'మెంటల్' అన్న పిలుపు. దానిని ఆపవలసింది మనం.

నా తర్వాత వీడి గతేమిటి అని తల్లులు అడుగుతారు. పాశ్చాత్య దేశాల్లో 1980ల తొలినాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లు, ఇప్పుడు 60 ఏళ్ల దాకా వచ్చింది. గుండె ఆపరేషన్లు వేళకు జరగడం, పిల్లలను ఆశ్రమాల్లో పడేయకుండా ఇళ్లల్లో పెంచడం ఇందుకు ముఖ్య కారణాలు. కనుక ఆ ప్రశ్న నిజమైనదే. తమ ఆస్తిని తాము చూసుకోలేనివారికి అందులో నుంచే తిండీ బట్టా చూడాలనీ, వారితో మంచిగా మాట్లాడాలనీ సూరయె నిసా ఐదో ఆయతులో ఆదేశం ఉంది. నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద పద్దెనిమిదేళ్లు దాటాక జిల్లా స్థాయి కమిటీ ద్వారా చట్టబద్ధ సంరక్షకుని నియమించుకోవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చిన్నప్పటి నుంచి వాడిని తమతో ఆడించుకుంటూ పెరిగితే ఆ సంరక్షకుడు ఇంట్లోనే తయారవుతాడు.

కడప జిల్లా ఇంటికి మూడేళ్ల తర్వాత వెళ్లాను. బిడ్డకు ఎకోలో చిన్న రంధ్రమే కనిపించింది, ఏడాదిన్నరకు దానంతటదే మూసుకుపోయిందట. తలుపు తట్టగానే వాడే వచ్చాడు. నా ముఖం చూసి, చేయి నుదుటికి చేర్చి, "లాం" అన్నాడు. సలాంలో సగమే వచ్చింది. తండ్రి నవ్వాడు. దాదీ లెక్కల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అది మూడో పుస్తకం. చివరి పేజీలో కోడలి చేతిరాతతో ఆ నెల లెక్క ఉంది: 'గ్లాసు తానే పట్టుకుని తాగాడు. మెట్టు ఒక్కటి ఎక్కాడు. చెప్పులు వేసుకున్నాడు, ఎడమది కుడికి.'